గ్లాసుడు దోమపిల్లలు

"...అందుకే మళ్ళీ మళ్ళీ చెప్తున్నానండీ. దీనికి మీరేమీ పెట్టకూడదు. ఆకలితో పడుకుంటే పడుకోనివ్వాలి. అది పడుకుందంటే మనం గెలిచినట్టు," అంటోంది రఫియా మేడం.

"పడుకుంటే మళ్ళీ లెగుస్తుందాండీ?" అంది ఝాన్సీ.

"లెగుస్తుంది. వాన పడి కాలవలో మళ్ళీ దోమపిల్లలు పుడితే దానంతటదే లెగుస్తుంది. పిల్లలు లేకపోతే దానికి పని లేదు కదా. పని లేనప్పుడు పడుకోవాలి."

"అర్థమైందండి."

"అర్థమవడం కాదు, గుర్తుండాలి."

"ఉంటుందండి."

మాట్లాడుకునేది ఝాన్సీ పెరట్లో. వింటున్నది మాత్రం గోడకి ఇవతల, బోర్లించిన బకెట్టు మీద మునివేళ్ళతో నిలబడ్డ నాగమల్లి. మాటలన్నీ చెవిలో పడుతున్నాయి గానీ చూపంతా గోడ మీద కూర్చున్నదాని మీదే ఉంది.

అరచెయ్యంత ఉందది. అచ్చం తూనీగే. నాలుగు రెక్కలు, గాజుపూసల్లాంటి రెండు పెద్ద కళ్ళు, పొడుగ్గా సన్నగా తోక. తోక చివర మిణుగురంత ఆకుపచ్చ లైటు. రఫియా మేడం వేలితో చిన్నగా తట్టింది. అది రెక్కలు విదిల్చుకుని లేచి, కాలవ మీదకి దిగి, నీళ్ళకి బెత్తెడు ఎత్తులో గాల్లోనే నిలబడిపోయింది. మూతిలోంచి దారమంత గొట్టం చాపి నీళ్ళలో పెట్టి టక్కున పీల్చింది. పక్కకి జరిగింది. మళ్ళీ పీల్చింది.

"ఓర్నాయనో!" అంది ఝాన్సీ.

నాగమల్లి గొంతులోకీ అదే మాట వచ్చింది. వచ్చినదాన్ని మింగేసి బకెట్టు దిగింది.

ఆ మిషను సంగతి చెప్పాలి. కొత్తకాలవ పేటలో ఇప్పుడు వానాకాలం అని ఒకటి వేరే లేదు. పన్నెండు నెల్లూ ఎప్పుడు పడితే అప్పుడు వాన పడుతుంది. రోడ్డు మీద రోడ్డు, దాని మీద మళ్ళీ రోడ్డు వేసి వేసి, వీధి పైకి పోయింది, ఇళ్ళు కిందకి పోయాయి. పెరటి కాలవల్లో నీళ్ళు ఎటు పోవాలో తెలీక అక్కడే నిలబడిపోతున్నాయి. ఆ నీళ్ళలో దోమలు. మందు కొడితే అలవాటు పడ్డాయి, పొగ పెడితే పక్కింటికెళ్ళి తిరిగొచ్చాయి.

రఫియా మేడం జిల్లా ల్యాబులో పని చేస్తుంది. ఊరు కర్నూలు. ఆవిడ చెప్పింది ఏంటంటే, ఎగిరే దోమని పట్టుకోవడం మన వల్ల కాదు, ఎగరకముందే పట్టుకోవాలి. గుడ్డులోంచి వచ్చాక వారం రోజులు అది నీళ్ళలోనే, తోక పైకి పెట్టి, తలకిందులుగా వేలాడుతూ ఉంటుంది. ఆ వారంలో తూనీగ దాన్ని పీల్చేస్తుంది. పీల్చినవన్నీ పొట్టలో చిన్న అరలోకి పోతాయి. ఆ అరలో కంటికి కనపడని క్రిములుంటాయి. ఇడ్లీ పిండి పులిసినట్టు అక్కడ పిల్లలన్నీ పులుస్తాయి. పులిసేటప్పుడు పుట్టే సత్తువని అది కరెంటు చేసుకుని ఎగురుతుంది. వైరు లేదు, ప్లగ్గు లేదు. తిండే దాని ఛార్జింగు. కాలవలో తిండి అయిపోతే తోక లైటు ఎర్రగా మారి, సన్నగా కీచుమని ఒక సిగ్నలు ఇచ్చి, గోడ మీద రెక్కలు ముడుచుకుని పడుకుంటుంది.

వార్డంతటికీ ఒక్కటే ఇచ్చారు. మూడు నెలలు చూస్తారు. తర్వాత ఎవరి పెరట్లో ఉంటే మేలో తేల్చి, శాశ్వతంగా వాళ్ళింట్లోనే ఉంచేస్తారు.

అదీ నాగమల్లికి కడుపు మండిన చోటు.

ఎందుకంటే పోయినేడు డెంగ్యూ వచ్చింది ఝాన్సీ ఇంట్లో కాదు, తనింట్లో. ఎనిమిదేళ్ళ కూతురు హారిక తొమ్మిది రోజులు ఆస్పత్రి మంచం మీద పడుంది. ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకి పడిపోతే, ఆ తెల్లటి సంచీలోంచి చుక్క చుక్క దిగుతుంటే, ఒక్కో చుక్కకీ ఒక్కో దణ్ణం పెట్టుకుంటూ నిలబడింది నాగమల్లి. ఇప్పుడు మళ్ళీ ఒక్క దోమ చెవి దగ్గర పాడినా గుండె జారుతుంది. మరి ఆ తూనీగ రావాల్సింది ఎవరింటికి?

గోడ మీద నుంచి అడిగేసింది కూడా.

"మేడం గారూ, జ్వరం వచ్చింది మా పాపకండీ. మిషనేమో వాళ్ళింట్లో పెట్టారు. ఇదేం న్యాయమండీ?"

రఫియా మేడం తలెత్తి చూసి నవ్వింది. మంచి నవ్వే. "ఇది మనిషిని చూసి రాదమ్మా. నీళ్ళెక్కడ నిలబడితే అక్కడికే వస్తుంది. మీ ఇద్దరి కాలవా ఒకటే. వాటం మాత్రం ఇటుంది కదా."

"పోనీ మా ఇంటికొచ్చి కాఫీ అన్నా తాగండి."

"ఇప్పుడే ఝాన్సీ గారింట్లో తాగానమ్మా."

ఝాన్సీ గారు! పెళ్ళై వచ్చిన పదేళ్ళలో ఆ మనిషిని ఝాన్సీ గారు అన్నవాళ్ళు ఈ వీధిలో లేరు. నాగమల్లి లోపలికెళ్ళి కాఫీ గిన్నెని స్టవ్ మీద అంత గట్టిగా పెట్టాల్సిన పని లేదు గానీ, పెట్టింది.

వాళ్ళిద్దరూ తోటికోడళ్ళు. నాగమల్లి పెద్దావిడ. మొగుళ్ళిద్దరూ ఐస్ ఫ్యాక్టరీలో షిఫ్టులు. ఒకప్పుడు ఒకే ఇల్లు, మధ్యలో గోడ కట్టి రెండు చేశారు. అత్త అప్పలనరసమ్మ ఒక నెల ఇక్కడ, ఒక నెల అక్కడ తింటుంది. ఇల్లు పంచారు, అత్తని పంచారు, వెనకున్న కాలవని మాత్రం పంచలేకపోయారు. అది గోడ కింద తూములోంచి ఇటు నుంచి అటు పోతుంది. వాటం ఝాన్సీ వైపుంది కాబట్టి ఇద్దరి వంటింటి నీళ్ళూ చివరికి ఝాన్సీ మూలలోనే నిలబడతాయి.

దీని మీద ఎనిమిదేళ్ళుగా ఒక ఇటుక యుద్ధం ఉంది. నాగమల్లి నీళ్ళు రాకుండా ఝాన్సీ తూములో ఇటుక పెట్టేది. నాగమల్లి ఇటు నుంచి కాలితో తన్నేది. "నీ మురుగు నీ దగ్గరే ఉంచుకో అక్కా" అని ఆవిడ, "వాటం దేవుడిచ్చాడే ఝాన్సీ, నన్నేం చెయ్యమంటావు" అని ఈవిడ. చుట్టాలొచ్చినా, పండగలొచ్చినా ఆ ఇటుక మాత్రం ఆగలేదు. ఒక మూల అరిగి గుండ్రంగా అయిపోయింది.

తూనీగ వచ్చిన నాలుగో రోజు మధ్యాహ్నం, ఝాన్సీ టైలరింగు షాపుకెళ్ళిన టైము చూసుకుని, నాగమల్లి వంగి ఆ ఇటుకని తూములో పెట్టింది. తన చేతులతో. తన వైపు నుంచి. కదలకుండా పక్కన గుడ్డపీలికలు కూడా కుక్కింది.

అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్ళేరుతున్న అప్పలనరసమ్మ కళ్ళజోడు సర్దుకుంది. "ఏమే మల్లీ, నాకు కళ్ళు పోయాయా, నీకు బుద్ధి పోయిందా? మురుగుని మనింట్లో ఆపుతున్నావేంటే?"

"నువ్వూరుకో అత్తా. నీళ్ళు నిలబడితేనే వస్తుందంట."

"ఏది?"

"అదే. తూనీగ."

"దోమల్ని తినేది రావాలని దోమల్ని పెంచుతావా?"

"పెంచడం కాదత్తా. అది వచ్చి తినేస్తుంది కదా."

ముసలావిడ మళ్ళీ రాళ్ళు ఏరుకుంది. "మీ మావ ఉన్నన్నాళ్ళూ ఆ నీళ్ళని అటు తొయ్యడానికే బతికాడు," అంది తనలో తనే.

వారం తిరక్కుండా నాగమల్లి వైపు కాలవ నిండింది. నీళ్ళ మీద సన్నటి తోకలు. ఇంకో రెండు రోజులకి, పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే, గోడ మీదుగా చిన్న చప్పుడు. కుట్టుమిషను దూరంగా ఎక్కడో కుడుతున్నట్టుంది. తూనీగ గోడ దాటి వచ్చింది. వచ్చి, ఆవిడ కాళ్ళ దగ్గర కాలవ మీద నిలబడి తినడం మొదలెట్టింది. టక్. టక్. టక్. ఆకుపచ్చ లైటు.

నోట్లో పేస్టుతోనే నాగమల్లి అలా నిలబడిపోయింది. "వచ్చావా?" అంది. హారిక పుట్టినప్పుడు కూడా ఆ మాటే అంది.

సాయంత్రం హారిక బడి నుంచి రాగానే, "చూడు, మనింటికీ వచ్చింది," అని చూపించింది.

"నాకు తెలుసమ్మా. పిన్ని వాళ్ళింట్లో రోజూ నా వేలి మీద వాలుతుంది. పిన్ని దానికి బుజ్జి అని పేరు పెట్టింది."

"రోజూనా? రోజూ ఎప్పుడెళ్తున్నావే నువ్వు?"

పిల్ల జారుకుంది. ఆ పూట హారికకి జడ కాస్త బిగించే వేసింది వాళ్ళమ్మ.

మర్నాటికి తూములో ఇటుక లేదు. ఝాన్సీ తన్నేసింది. నాగమల్లి మళ్ళీ పెట్టింది. ఎనిమిదేళ్ళ యుద్ధం అలాగే ఉంది, సైన్యాలే అటూ ఇటూ మారాయి.

"అక్కా, నా నీళ్ళు నాకు రానివ్వు!" అని గోడ అవతల నుంచి అరిచింది ఝాన్సీ.

"నీ నీళ్ళేంటే? నా అంట్లు తోమిన నీళ్ళు!"

"ఎనిమిదేళ్ళు వద్దు మొర్రో అంటే పంపించావు. ఇప్పుడు కావాలంటే ఆపుతున్నావా?"

"అవును. ఇప్పుడు నాకూ కావాలి!"

ఆ మాట చాలా గట్టిగా అనేసింది. అన్నాక తనకే సిగ్గేసింది. అవతల ఝాన్సీ గొంతు కూడా తగ్గింది. "నీకు హారిక ఉంది కదక్కా," అంది.

పెళ్ళై పదేళ్ళైనా ఝాన్సీకి పిల్లల్లేరు. ఆ సంగతి ఇద్దరూ ఎప్పుడూ నోటితో అనుకోరు. నాగమల్లి తూము దాకా వెళ్ళింది. కానీ వంగి ఇటుక మాత్రం తియ్యలేదు.

ఇద్దరి కాలవలూ తూనీగ గట్టిగా తోమేసింది. నెలన్నర తిరిగేసరికి ఒక్క తోక కనపడితే ఒట్టు. సాయంత్రం వీధిలో పిల్లలు చొక్కా లేకుండా ఆడుకున్నారు. ఎన్నాళ్ళకో నాగమల్లి దోమతెర కట్టకుండా కూతుర్ని పక్కన పడుకోబెట్టుకుంది. రఫియా మేడం చెప్పిన గెలుపు అదే. అక్కడితో ఆగుంటే ఈ కథ లేదు.

ఒక పొద్దున తూనీగ నాగమల్లి గోడ మీద వాలింది. లైటు ఎర్రగా వెలుగుతోంది. రెక్క ఒకటి పూర్తిగా ముడుచుకోక వణుకుతోంది. కీచుమంది. కాసేపాగి మళ్ళీ కీచుమంది. పిచ్చుకపిల్ల గూట్లోంచి పడితే అరుస్తుందే, అలా.

"ఆకలికి ఏడుస్తోందే," అంది అప్పలనరసమ్మ.

"ఏడుపు కాదత్తా. సిగ్నలంట. పడుకునే ముందు అలా చేస్తుందంట."

"పస్తు పడుకునే ముందు ఏడవని బిడ్డెవరే? ఇంటికొచ్చినదాన్ని ఆకలితో పడుకోబెడతామా? ఈ ఇంట్లో ఎప్పుడన్నా జరిగిందా?"

జరగలేదు. ఆ ఇంటికి కరెంటు మీటరు చూడ్డానికొచ్చినవాడు కూడా మజ్జిగన్నా తాగి వెళ్ళాల్సిందే. వీధికుక్క గుమ్మం ముందు నిలబడితే పెరుగన్నం పడేది. ఇప్పుడు, ఇంత కష్టపడి ఇంటిల్లిపాదినీ కాపాడినదానికి గుక్కెడు తిండి లేదు. మేడం చెప్పిన మాట నాగమల్లికి అక్షరం అక్షరం గుర్తుంది. గుర్తుండి కూడా ఆ కీచు వింటుంటే చేతులు ఆగలేదు.

ఇంకో సంగతి కూడా ఉంది. దాచడం ఎందుకు. తన గోడ మీద ఏడుస్తూ పడుకుంటే, రేపు ఝాన్సీ అనదా, "మల్లక్క ఇంట్లో తిండి లేక పడిపోయింది" అని?

బాత్రూం వెనక ఒక పాత మట్టికుండ ఉంది. దాన్నిండా నీళ్ళు పోసి, బియ్యం కడుగు నాలుగు గ్లాసులు కలిపి, మల్లెపందిరి నీడలో పెట్టింది. పైన రేకుమూత వేసింది, తూనీగ తనంతట తాను తినెయ్యకుండా. తన చేత్తో పెట్టాలి కదా మరి. ఆ మూత అంచున వేలు పట్టేంత సందు. దోమకి అది సింహద్వారం.

కుండలో దోమపిల్లలు పుట్టేదాకా ఏటిగట్టుకి వెళ్ళి గుంటల్లోంచి వాటిని సీసాతో పట్టుకొచ్చింది. తర్వాత కుండే ఇచ్చింది. రోజూ పొద్దున్నే గ్లాసు ముంచి, వెలుతురుకి పట్టుకుని చూసి, స్టీలు పళ్ళెంలో పోసి గోడ మీద పెట్టేది. తూనీగ వచ్చి టక్ టక్‌మని తినేది. లైటు ఆకుపచ్చగా అయ్యేది. "చాలా? ఇంకొంచెం తిను," అనేది నాగమల్లి.

కానీ ఓ పది రోజులకి ఆవిడకి ఒక అనుమానం మొదలైంది. తూనీగ పళ్ళెం దగ్గరకొచ్చి రెండు టక్కులు కొట్టి ఊరుకుంటోంది. గ్లాసుడు పోస్తే ముప్పాతిక మిగిలిపోతోంది. లైటేమో వచ్చేటప్పటికే ఆకుపచ్చగా ఉంటోంది.

మా ఇంట్లో తిననిది ఎక్కడ తిని వస్తున్నట్టు?

బకెట్టు బోర్లించి ఎక్కి చూసింది. ఝాన్సీ పెరట్లో, బట్టలు ఉతికే రాయి వెనక, గోనెసంచి కప్పి ఏదో ఉంది. ఝాన్సీ ఇటూ అటూ చూసి సంచి ఎత్తింది. లారీ టైరు. దాన్నిండా నీళ్ళు. చెంబుతో ముంచి, పళ్ళెంలో పోసి, వేలు చాపింది. తూనీగ వచ్చి ఆ వేలి మీద వాలింది. ఝాన్సీ దాని తల మీద చిటికెన వేలితో నిమిరింది. దానికి తెలుస్తుందా? తెలీదు. ఇనప ముక్క. అయినా నిమిరింది.

నాగమల్లి బకెట్టు దిగి దాన్ని కాలితో ఒక్క తన్ను తన్నింది. తప్పు చేస్తోందని కాదు. తన వేలి మీద అది ఒక్కసారి కూడా వాలలేదని.

మర్నాడు కుండ పక్కన ఇంకో కుండ పెట్టింది.

ఇలాంటివి వీధిలో దాగవు. ఎదురింటి రిటైర్డ్ లైన్‌మాన్ ప్రకాశం గారు, "వాళ్ళిద్దరేనా మనుషులు?" అని డాబా మీద సిమెంటు తొట్టి నింపారు. ఒకసారి తూనీగ వెళ్ళి వాలితే పక్కవీధి దాకా పిలిచి చూపించారు. దాంతో మిగతావాళ్ళు డ్రమ్ములు, డబ్బాలు, పగిలిన వాష్‌బేసిన్లు. దోమలు ఉన్నప్పుడు కూడా అన్ని నీళ్ళు ఎవరూ నిలబెట్టలేదు. తూనీగేమో ఒక్కటే. ఎంతని తింటుంది? తినగా మిగిలినవి రెక్కలు కట్టుకుని లేచాయి. సాయంత్రమైతే వీధిలో మనుషులు చెంపలు వాయించుకుంటూ మాట్లాడుకునేవారు.

"మీవేనేమో," అనేవారు ఒకర్నొకరు.

"మావి బయటికి రావు. మూత ఉంది," అనేవారు అందరూ.

మూడో నెల చివర్లో ఒక రోజు, రెండు పూటలైనా గోడ అవతల నుంచి అలికిడి లేదు. ఇటుక పెట్టినా తన్నేవాళ్ళు లేరు. నాగమల్లి మూడుసార్లు వంగి చూసింది, ఇటుక అలాగే ఉంది. ఎందుకో ఆ ఇటుకని చూస్తే భయమేసింది. చుట్టూ తిరిగి వెళ్ళి తలుపు తట్టింది.

ఝాన్సీ మంచం మీద ముడుచుకుని ఉంది. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది.

"ఎప్పట్నుంచే?"

"మూడు రోజులు. కళ్ళ వెనక పోటక్కా."

ఆ పోటు నాగమల్లికి తెలుసు. పోయినేడు హారిక కూడా అదే మాట అంది. మరిదికి ఫోను చేసి, ఆటో పిలిచి, ఝాన్సీని రెండు చేతులతో ఎత్తి కూర్చోబెట్టింది. ఆస్పత్రిలో అదే వార్డు. కిటికీ పక్క అదే మంచం. అదే తెల్లటి సంచి. చుక్క చుక్క.

ఆ చుక్కల కింద నిలబడి నాగమల్లి ఒకటే లెక్క వేసుకుంది. కుట్టిన దోమ ఎక్కడ పుట్టింది? నా కుండలోనా, దాని టైరులోనా, ప్రకాశం గారి తొట్టిలోనా? ఎన్నిసార్లు వేసినా లెక్క తన కుండ దగ్గరే వచ్చి ఆగింది.

ఇంటికొచ్చి రెండు కుండలూ ఎండలో బండ మీద వంచేసింది. నీళ్ళు ఇంకిపోయి, పిల్లలు గిలగిలా కొట్టుకుని ఆగిపోయేదాకా అక్కడే ఉంది. ఝాన్సీ పెరట్లోకెళ్ళి టైరు దొర్లించి నీళ్ళు పారబోసింది. టైరు మహా మొండిది. ఎలా వంచినా లోపలి మడతలో కొంచెం ఉండిపోతుంది. వీధిలో ఇంటింటికీ తిరిగి కేకలేసింది. తోటికోడలితో తప్ప ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మనిషి కేకలేస్తే జనం బెదిరిపోయి డ్రమ్ములన్నీ బోర్లించారు. చివరికి తూములోంచి ఇటుక తీసి, రెండు చేతులా పట్టుకుని, ఎటు విసరాలో తెలీక వంటింట్లో గ్యాస్ బండ పక్కన పెట్టింది. కాలవలో అడుగున మిగిలిన నీళ్ళని చీపురుతో తోసి తోసి వీధి దాకా పంపించింది.

రెండో రోజు నుంచి తూనీగ కీచుమనడం మొదలెట్టింది. ఎర్ర లైటు. ఒకసారి ఝాన్సీ వైపు గోడ మీద, ఒకసారి ఇటు. పళ్ళెం పెట్టే చోటికొచ్చి వెతుక్కునేది.

"మల్లీ, దాని గొంతు వినలేకపోతున్నానే," అంది అప్పలనరసమ్మ.

"చెవులు మూసుకో అత్తా," అంది నాగమల్లి. తను కూడా కొంగు చెవులకి చుట్టుకుని అన్నం వండింది.

నాలుగో రోజు రఫియా మేడం వచ్చింది. డ్రైవర్ లేని ఆటో దిగి, చేతిలో ఫోను ఊపుతూ, మనిషి వెలిగిపోతోంది. "ఝాన్సీ గారేరీ? జిల్లా మొత్తంలో మన తూనీగే ఫస్టు! మేమేమో నలభై రోజుల్లో పడుకుంటుంది అనుకున్నాం. తొంభై రోజులు ఆగకుండా తింది. రెండు లక్షల పైన లార్వాలు! ఆ నంబరు చూసి పైవాళ్ళు ఇంకో వెయ్యి తూనీగలు చెయ్యమన్నారు."

నాగమల్లి కుర్చీ వెయ్యలేదు. కాఫీ అడగలేదు. "అవన్నీ మేం పెట్టినవేనండి," అంది.

"ఏంటి?"

"పెంచి పెట్టామండి. నేను కుండలో. గ్లాసుతో." అక్కడితో ఆపొచ్చు. ఆపలేకపోయింది. "ఝాన్సీ కూడా పెట్టిందండి. దానికి టైరుంది."

రఫియా మేడం ముఖంలో వెలుతురు నెమ్మదిగా ఆరిపోయింది. పెరట్లోకెళ్ళి బోర్లించిన కుండలు చూసింది. పళ్ళెం చూసింది. గోడ మీద వణుకుతున్న తూనీగని చూసింది. ఝాన్సీ ఎక్కడుందో, ఎందుకుందో నాగమల్లి చెబితే, బోర్లించిన బకెట్టు మీద కూర్చుండిపోయింది.

"నేను అన్నీ లెక్కేశానమ్మా," అంది. "రెక్కల బరువు, పొట్ట సైజు, పిల్ల తోక ఎంత కదిలితే దానికి కనపడుతుందో, అన్నీ. మీరు అన్నం పెడతారని వెయ్యలేదు."

"ఇప్పుడు వెయ్యి చేస్తారాండీ?"

"ఆర్డరు వెళ్ళిపోయింది."

"మరి ఇది? ఎవరికి ఇస్తారండీ?" అడక్కూడదని తెలుసు. అయినా నోరు ఊరుకోలేదు.

"ఎవరికీ ఇవ్వనమ్మా. తీసుకుపోతాను."

అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి తూనీగని అందులో పెట్టి మూత వేసింది. లోపల్నుంచి కీచుమంది. మేడం పెట్టె పట్టుకుని వీధిలోకి నడిచింది. ఆటో తలుపు తెరుచుకుని, "దయచేసి కూర్చోండి," అంది. పెట్టె మళ్ళీ కీచుమంది. మేడం ఒక కాలు లోపల పెట్టి ఆగిపోయింది. ఆటో మళ్ళీ దయచేసి కూర్చోమంది. మేడం కాలు బయటికి తీసి, గుమ్మం దాకా తిరిగొచ్చి, నాగమల్లి ముఖంలోకి చూడకుండా, నేల చూపులు చూస్తూ ఒక్క మాట అడిగింది. నాగమల్లి లేదన్నట్టు తలూపింది. ఆటో వెళ్ళిపోయింది.

సాయంత్రం క్యారేజీలో జావ పట్టుకుని ఆస్పత్రికెళ్ళింది. ఝాన్సీకి కాస్త నయం. దిండుకి ఆనుకుని కూర్చుంది. చేతికి సూది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. జావ రెండు చెంచాలు తాగి, అడగనే అడిగింది.

"మేడం వచ్చిందటగా. నీకిచ్చేసిందా?"

"ఎవరికీ ఇవ్వలేదే. పట్టుకుపోయింది."

"నిజం చెప్పు."

"ఒట్టు."

ఝాన్సీ ఊపిరి వదిలింది. తోటికోడలికి దక్కలేదన్న తృప్తి ఆ ఊపిరిలో కొంచెం ఉంది. నాగమల్లికి అది తెలిసింది. తెలిసినా కోపం రాలేదు, తన దగ్గర కూడా ఉన్నదే కదా.

"దానికి ఆకలేసిందా అక్కా?"

"వేసింది."

"ఏడ్చిందా?"

"ఏడ్చింది. పెట్టలేదు."

ఝాన్సీ కిటికీలోంచి బయటికి చూసింది. తర్వాత అంది, "పోతా పోతా మేడం ఏమంది?"

నాగమల్లి చెంచా గిన్నెలో పెట్టింది. మేడం అన్న మాటలో ఝాన్సీ పేరుంది, ఝాన్సీ టైరుంది. ఈ ఊళ్ళో మేడం అన్న ఆఖరి మాట అదే, అందులో కూడా ముందొచ్చింది ఝాన్సీ పేరే. ఆ పేరు తీసేసి తన పేరు పెట్టి, టైరు తీసేసి కుండ పెట్టి చెబుదామని నోటిదాకా వచ్చింది. ఎవరికి తెలుస్తుంది? అప్పుడు మంచం మీద సూది గుచ్చిన చెయ్యి కనపడింది. తూనీగ వాలిన వేలు. వాచి ఉంది.

ఆ చెయ్యి పట్టుకుని, ఒక్క ముక్క మార్చకుండా, మేడం ఎలా అందో అలాగే చెప్పింది:

"ఝాన్సీ గారి టైరులో అడుగున ఏమన్నా మిగిలుంటే, ఒక్క గ్లాసుడు పోసిస్తారా మల్లి గారూ? దారిలో ఆకలని ఏడిస్తే నేను చూడలేను."